నలభై తొమ్మిదిలో మాయమైన మఖమల్ కోటు

"షుగరు నలభై తొమ్మిదికి పడిపోయినవాడికి ఓనరేం ఖర్మ అత్తయ్యగారూ, ముక్కోటి దేవతలూ వరసగా కనపడతారు. ఆ సాక్ష్యం పట్టుకుని నేనేం చేసుకోను?"

ఇన్‌స్పెక్టరు నవ్వి, కటింగ్ టేబుల్ మీదున్న ఫైలు మూసేశాడు.

డిటెక్టివ్ పిన్నిగారికి ఒళ్ళు మండింది. ఎదుటివాడు ఉత్త ఇన్‌స్పెక్టరే అయితే ఈపాటికి నాలుగూ దులిపేసేది. ఏం చేస్తుంది, అక్క కూతురి మొగుడయి కూర్చున్నాడు. అల్లుడన్నాక తిట్టినా 'గారు' తగిలించి తిట్టాలి.

"మూసిన ఫైలు తెరిచి ఉంచండి అల్లుడుగారూ. మళ్ళీ తెరవాలంటే మీకే నామోషీ."

"తెరవడానికేం లేదండీ. నాలుగింటికల్లా రిపోర్టు రాసేస్తున్నా. లో షుగర్లో మాస్టారు ఆ కోటు ఎవరి చేతిలో పెట్టాడో ఆయనకే తెలీదు. దొంగతనం కాదు, పొరపాటు. నేనేం ఆయన్ని జైల్లో వెయ్యట్లేదుగా!"

అదే కదా వచ్చిన చిక్కు. జైల్లో వేసినా బాగుండేది. నిర్దోషినని వాదించుకోవచ్చు.

కేసు చూస్తే పిడికెడంత. సాయంత్రం ఆరింటికి నాటకం, నూరో ప్రదర్శన. హీరో కోసం వంగపండు రంగు మఖమల్ కోటు కుట్టించారు. ఈ టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరు మూడు వారాలు కూర్చుని కుట్టాడు. పొద్దున పదకొండింటికి అది ట్రయల్ రూములో హ్యాంగరుకి ఉంది. ఒంటిగంటకి నాటకం మేనేజరు వచ్చి అడిగేసరికి హ్యాంగరుంది, కోటు లేదు. మేనేజరు లబోదిబోమని పోలీసులకి ఫోన్ చేశాడు. ఇప్పుడు టైము రెండున్నర. పనివాళ్ళకి ఇవాళ సెలవు. షాపులో ఉండాల్సింది ఇద్దరే, ఓనరూ మాస్టరూ. ఓనరేమో పదకొండింటికే పన్ను పీకించుకోవడానికి వెళ్ళానంటున్నాడు. డెంటిస్టు ఇచ్చిన పదకొండున్నర అపాయింట్‌మెంటు చీటీ చేతిలో ఉంది, బుగ్గలో దూది ఉంది.

"మాస్టారూ, మళ్ళీ ఒకసారి చెప్పండి," అంది పిన్నిగారు.

మాస్టరుది సన్నటి ఒళ్ళు. చేతులు మాత్రం ముప్పై రెండేళ్ళు ఇస్త్రీ పెట్టె తోసితోసి బలిసిన చేతులు. ఎడమ జబ్బ వెనకాల రూపాయి బిళ్ళంత సెన్సరు అతికించుకుని ఉన్నాడు. అది చర్మం కింద షుగరెంతుందో అయిదు నిమిషాలకోసారి చూసి ఫోనుకి చెబుతుంది. డెబ్బై కంటే కిందికి దిగితే గోల పెడుతుంది.

"పదకొండుంపావుకి ఫోను గోల పెట్టిందండీ. అరవై ఒకటి. ఇంకో అయిదు నిమిషాలకి నలభై తొమ్మిది. గుండె ఝల్లుమంది. వెనక గదిలోకి పరిగెత్తి నాలుగు గ్లూకోజ్ బిళ్ళలు నోట్లో వేసుకుని కూర్చున్నా. పావుగంటయ్యాక ఇవతలికొస్తే, గుమ్మం దాటి వెళ్తూ ఓనర్ గారు. చేతి మీద ఏదో మడతపెట్టి ఉంది. వీపే కనపడింది."

"వీపు చూసి మనిషిని పట్టేశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముప్పై రెండేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు నేను కొలుస్తున్న వీపండీ అది."

నిండైన ఒళ్ళున్న ఓనరు బుగ్గ పట్టుకుని నిట్టూర్చాడు. దూదివల్ల మాట ముద్దముద్దగా వచ్చింది. "పాపం, మంచివాడేనమ్మా. జబ్బు మనిషి. లేనివి కనపడ్డాయి. కేసులూ గీసులూ ఎందుకు? సాయంత్రంలోగా ఎక్కడో అక్కడ అదే దొరుకుతుంది. కాకపోతే రేపట్నుంచి కత్తెర మాత్రం ఇవ్వలేను. ఎప్పుడు కళ్ళు తిరుగుతాయో తెలీనివాడి చేతికి కత్తెరిస్తే రేపేదైనా జరిగితే నా మెడకి చుట్టుకుంటుంది."

మాస్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఊళ్ళో ఉన్నవి పది షాపులు. ఈ మాట సాయంత్రానికి పదింటికీ పాకుతుంది. పోలీసు రిపోర్టులో అదే ముక్క పడిందంటే ఇక ఆయన చేతికి బట్టముక్క ఇచ్చేవాడు ఉండడు. అందుకే ఆయన భార్య పరుగున వెళ్ళి పిన్నిగారిని పిలుచుకొచ్చింది.

'సాయంత్రంలోగా అదే దొరుకుతుంది' అన్న మాట మాత్రం పిన్నిగారి చెవిలో ముల్లులా దిగింది. పోయిన వస్తువుకి టైము చెప్పేవాణ్ణి ఆవిడ ఇదే చూడటం.

"ఆ ఫోను ఇటివ్వండి మాస్టారూ."

పిన్నిగారు బస్ డిపోలో ఇరవై ఏళ్ళు టైమ్ కీపరుగా చేసి వచ్చిన మనిషి. అంకెలు చూస్తే ఆవిడకి ఆకలి వెయ్యదు. ఈ కేసు టైములు లెక్కేసుకుంటూనే ఇవాళ మధ్యాహ్నం భోజనం మర్చిపోయింది. ఫోనులో గీత చూసింది. పదకొండూ పదికి నూట పదహారు. పదకొండుంపావుకి అరవై ఒకటి. పదకొండూ ఇరవైకి నలభై తొమ్మిది. ఇరవై అయిదుకి తొంభై ఎనిమిది. పదకొండున్నరకి నూట పద్నాలుగు. పన్నెండింటికి నూట తొంభై రెండు.

"ఇదేం గీత!" అంది.

సరిగ్గా అప్పుడే ఆవిడ సంచీలోంచి 'కీచ్ కీచ్' మంది. ఆవిడ జబ్బకీ సెన్సరుంది మరి, పదకొండేళ్ళ నుంచీ. ఫోను తీసి చూసుకుంది. అరవై ఆరు, బాణం కిందికి చూస్తోంది. నుదుటిమీద చెమట పట్టడం, వేళ్ళు వణకడం అప్పుడు తెలిసింది.

మరుక్షణం ఇన్‌స్పెక్టరు జేబు మోగింది. అవతల భార్య. పిన్ని షుగరు నంబర్లు ఆ అమ్మాయి ఫోనుకి కూడా వెళ్తాయి. స్పీకరు అక్కర్లేకుండానే గది మొత్తానికీ వినబడింది.

"మా పిన్నికి అరవై ఆరు! నువ్వక్కడే ఉన్నావుగా, ఏం చేస్తున్నావ్? నిలబెట్టి ప్రశ్నలేస్తున్నావా?"

"నేనెక్కడే... ఆవిడే నన్ను..."

"ముందు జ్యూస్ తాగించు. తర్వాత పోలీసుద్యోగం చేద్దువుగాని!"

ఇన్‌స్పెక్టరు పిన్నిగారి సంచీలోంచి జ్యూసు ప్యాకెట్టు తీసి, స్ట్రా తనే గుచ్చి, రెండు చేతులా అందించాడు. చెప్పొద్దూ, ఆ క్షణంలో పిన్నిగారికి అల్లుడి మీద ముద్దొచ్చింది. కానీ పైకి తేలనివ్వలేదు.

"పావుగంట ఆగాలి," అంది గుటకేసి. "జ్యూసు తాగీ తాగగానే పైకి రాదు. అందాకా రిపోర్టు ముట్టుకోకండి, మీ ఆవిడకి ఫోన్ చేస్తా."

షాపులో ఓనరు కుర్చీ కాకుండా కూర్చోడానికి ఉన్నది ట్రయల్ రూములో స్టూలొక్కటే. వెళ్ళి దాని మీద కూలబడింది. కాళ్ళు తేలిపోతున్నాయి, తల వంచుకుని కూర్చుంది. అలా వంచుకోబట్టే కనపడింది, అద్దం కింద మూల, వంగపండు రంగు దారం. ఒకటి కాదు, చిన్నచిన్నవి మూడు ముక్కలు. నిలబడి వెతికిన పోలీసులకి కనపడలేదంటే తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకి షుగరు తగ్గలేదు.

"మాస్టారూ, ఇలా రండి. ఇవి మీరు కత్తిరించిన దారాలేనా?"

మాస్టరు గుమ్మంలో గొంతుక్కూర్చుని దారాలు వెలుతురుకి పట్టి చూశాడు. మొహం మారిపోయింది.

"కాదమ్మా. కత్తెర పడితే కొస నున్నగా ఉంటుంది. ఇది విచ్చుకుంది చూడండి, లాగితే తెగింది. వీపు నడిమి కుట్టు దారం ఇది. అయ్యో, నా కోటు పగిలిందమ్మా!"

"మీరు వేసుకున్నప్పుడు పగల్లేదుగా?"

మాస్టరు గబుక్కున బయటికి చూశాడు. బయట ఇన్‌స్పెక్టరు ఇంకా భార్యకి సంజాయిషీ ఇచ్చుకుంటున్నాడు. ఓనరు గల్లాపెట్టె దగ్గర, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉన్నాడు. ఆయన నెత్తిమీద గోడకి బోర్డు, ఆయన చేతిరాతే: 'కస్టమర్ల బట్టలు ఒంటిమీద వేసుకున్నవారు ఆ రోజే ఇంటికి.'

"ఎలా తెలిసిందమ్మా?" గొంతు తగ్గించి అడిగాడు మాస్టరు.

"నేనూ ఓసారి బిగుతు స్వెట్టరేసుకుని బస్సెక్కా. యాభై రెండు చూపించింది. భయపడి గుప్పెడు పంచదార బుక్కా. ఇంటికెళ్ళేసరికి రెండొందల అరవై! తర్వాత తెలిసింది, ఆ సెన్సరుని ఏదైనా గట్టిగా నొక్కితే దొంగలెక్క చెబుతుందని. పక్కకి తిరిగి పడుకున్నా అంతే. మీ ఒళ్ళు సన్నం, చేతులు లావు. ఆ హీరో చేతులేమో చీపురుపుల్లలు. ఇంకేముంది?"

మాస్టరు తల వంచుకున్నాడు. "నేను వేసుకుని చేతులు ఆడించి చూడందే ఏ కోటూ గడప దాటనివ్వనమ్మా. మా గురువు నేర్పిన పద్ధతి. చంక పట్టిందో లేదో బట్టలు తొడిగే బొమ్మ చెప్పదుగా! ఓనరు ఈ బోర్డు పెట్టి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ దొంగచాటుగా చూస్తున్నా. నలభై తొమ్మిది చూడగానే కోటు విప్పి హ్యాంగరుకేసి వెనక గదిలోకి పరిగెత్తా."

"ఇదంతా ఇన్‌స్పెక్టరుగారికి చెప్పాలి."

"చెబితే ఉద్యోగం పోతుంది."

"చెప్పకపోతే పరువూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. ఏది కావాలో తేల్చుకోండి."

మాస్టరు లేచి నిలబడ్డాడు. వెళ్ళి ఇన్‌స్పెక్టరు ముందు చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఓనరు కళ్ళు పెద్దవి చేసి "చూశారా, చూశారా!" అన్నాడు.

పిన్నిగారి ఫోనులో తొంభై ఒకటి కనపడింది. ఇక ఆవిడ ఆగుతుందా?

"అల్లుడుగారూ, ఈ రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇది నాది. గంటన్నర నుంచీ మెట్టు మెట్టుగా దిగింది, మెట్టు మెట్టుగా లేచింది. నిజంగా షుగరు తగ్గితే ఇలా ఉంటుంది. అది మాస్టారిది. అయిదు నిమిషాల్లో యాభై అయిదు అంకెలు ఢామ్మని పడింది. కోటు విప్పగానే లేచి కూర్చుంది. ఆయన బిళ్ళలు నోట్లో వేసుకుని నాలుగు నిమిషాలు కూడా కాలేదు, అప్పటికే తొంభై ఎనిమిది. బిళ్ళలు అంత తొందరగా పనిచేస్తే నేనింతసేపు స్టూలు మీద కూర్చునేదాన్నా? అక్కర్లేని బిళ్ళలు తిన్నాడు కాబట్టే పన్నెండింటికి నూట తొంభై రెండుకి పోయింది. మా డిపోలో ఒక డ్రైవరు అయిదు నిమిషాల్లో ముప్పై కిలోమీటర్లు నడిపానని రాశాడు. బస్సుకి రెక్కలు రాలేదు, వాడు రాసిన లెక్కే తప్పు."

"మీ డిపో కథలు కోర్టులో చెల్లవండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ గొంతులో ఇందాకటి జోరు లేదు.

"కళ్ళారా చూస్తే చెల్లుతుందా?"

బొమ్మకి వేసి ఉన్న ట్రయల్ కోటు తీసుకురమ్మంది. మఖమల్ కోయకముందు అదే కొలతలకి ముతక గుడ్డతో కుట్టిన కోటది. మాస్టరు వేసుకున్నాడు. ఎడమ చెయ్యి జబ్బ దగ్గర ఇరుక్కుంటూ దూరింది. ఫోను ఇన్‌స్పెక్టరు చేతిలోనే పెట్టింది పిన్నిగారు. గోడగడియారం మూడూ అయిదు. అంకె నూట ఇరవై నాలుగు.

మూడూ పదికి ఎనభై ఎనిమిది.

ఓనరు "నాకు మళ్ళీ డెంటిస్టు దగ్గరికి..." అని లేవబోయాడు. "కూర్చోండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఫోను మీంచి కళ్ళు తిప్పకుండా.

మూడుంపావుకి ఫోను గోల పెట్టింది. యాభై ఏడు!

"మాస్టారూ, చేతులు సబ్బుతో కడుక్కుని రండి," అంది పిన్నిగారు. "వేలికి గ్లూకోజ్ పొడి ఉందంటే లెక్క తప్పుతుంది."

"అమ్మా, రోజంతా సూదులు గుచ్చుకుంటూనే ఉంటాయి. అందుకే నేను వేలు పొడుచుకోవడం మానేశా," అని గొణుక్కుంటూనే కడుక్కొచ్చాడు. ముప్పై రెండేళ్ళు సూదితో బతికినవాడు, పిన్నిగారు చిటికెన వేలు పట్టుకుంటే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆవిడ సంచీలోంచి తీసిన షుగరు మీటరు పట్టీ మీద నెత్తురుబొట్టు పడింది. అయిదు సెకన్లు.

"చదవండి అల్లుడుగారూ, గట్టిగా."

"నూట ఇరవై ఒకటి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఫోను చూశాడు, మీటరు చూశాడు, మాస్టరుని చూశాడు. మాస్టరు చక్కగా నిలబడి ఉన్నాడు, వేలు నోట్లో పెట్టుకుని.

మెచ్చుకోవాలి, ఆ అల్లుడిలో ఒక గుణముంది. తప్పు తెలిస్తే సాగదీయడు. కుర్చీ లేకపోయినా టేబుల్ మీదకి వంగి, ఫైలు తెరిచి, ఇందాక రాసింది అడ్డంగా కొట్టేశాడు.

"మాస్టారూ, నన్ను క్షమించాలి. పదకొండుంపావు నుంచీ మీరు పూర్తి తెలివిలోనే ఉన్నారు. ఇప్పుడు చెప్పండి, ఎవర్ని చూశారు? అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటా."

మాస్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నించీ ఆయన మాట రాసుకున్నవాడు లేడు. "ఓనర్ గారిని చూశానండీ. పదకొండూ ముప్పై ఆరుకి. గడియారం కూడా చూశా."

"అబద్ధం!" ఓనరు బుగ్గలో దూది ఊడి కిందపడింది. "నా దగ్గర డాక్టరు చీటీ ఉంది!"

"చీటీలో ఉన్నది రమ్మన్న టైము," అంది పిన్నిగారు. "వచ్చిన టైము కాదు. సాక్షి మాట నమ్మలేదు కాబట్టి ఇందాక ఎవరూ అడగలేదు. అడగండి అల్లుడుగారూ."

ఇన్‌స్పెక్టరు డెంటిస్టుకి ఫోన్ చేసి స్పీకరులో పెట్టాడు. "ఆయనా? పదకొండున్నరకి రమ్మంటే పన్నెండూ పదికి వచ్చారండీ. ఒగరుస్తూ, చెమటలు కక్కుతూ. భయపడుతున్నారేమో అనుకున్నా."

"పది నిమిషాల దారి. పదకొండింటికి బయల్దేరానన్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దారిలో... స్నేహితుడు..."

పిన్నిగారు అరచెయ్యి చాపింది. అందులో మూడు దారం ముక్కలు. "ట్రయల్ రూములో దొరికాయి. ఎవరో లావుపాటి మనిషి ఆ కోటులో దూరాడు. వీపు నడిమి కుట్టు ఫట్టుమని పగిలింది. ఇంతకీ పగలగొట్టిన వీపెవరిదో..."

ఓనరు కుడిచెయ్యి తనంతట తానే వెనక్కి వెళ్ళి వీపు తడుముకుంది.

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ, వీపు తడుముకోవడం ఇదే చూడ్డం!"

ఇక దాచేదేముంది? ఓనరు బోర్డు కిందే కూలబడ్డాడు. పర్సు మర్చిపోయి పదకొండుంపావు దాటాక వెనక్కి వచ్చాడట. షాపులో ఎవరూ లేరు. ట్రయల్ రూము తలుపు తెరిచే ఉంది, అద్దం ముందు ఆ కోటు మెరుస్తోంది. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వేసుకుందామనుకున్నానమ్మా. చిన్నప్పుడు నాటకాల్లో రాజు వేషం ఇస్తామని ఇవ్వలేదు నాకు. చేతులు పైకెత్తి డైలాగు మొదలెట్టా, ఫట్టుమంది. బోర్డు రాసినవాణ్ణే నేను, ఏ మొహంతో మాస్టారికి చెప్పను? మళ్ళీ కుట్టించి సాయంత్రానికి తెచ్చేద్దామనుకున్నా. మేనేజరు పోలీసుల్ని పిలుస్తాడని కలగన్నానా?"

"అందుకని జబ్బుమనిషి నెత్తిన రుద్దారు," అంది పిన్నిగారు. నవ్వొస్తోంది ఆవిడకి, కోపమూ వస్తోంది. "కోటెక్కడ?"

ఓనరు వేలెత్తి కిటికీలోంచి ఎదురుగా చూపించాడు. వీధికి అవతల చిన్న టైలరింగ్ షాపు. మాస్టరు ఉలిక్కిపడ్డాడు. అది ఆయన శిష్యురాలిది. రెండేళ్ళ కిందట ఇదే ఓనరు, ఇదే షాపులోంచి, బోర్డులో రాసిన తప్పుకే గెంటేసిన పిల్ల.

"మఖమల్ మీద జాడ తెలీకుండా కుట్టడం ఊళ్ళో మా ఇద్దరికే వచ్చమ్మా," అన్నాడు మాస్టరు మెల్లిగా.

కబురు వెళ్ళేలోపే, పోలీసు జీపు చూసి ఆ అమ్మాయే కోటు రెండు చేతుల మీదా వేసుకుని వీధి దాటి వచ్చింది. ఎవరినీ పలకరించకుండా తిన్నగా మాస్టరు ముందుకెళ్ళి నిలబడింది.

"వీపు కుట్టేశాను మాస్టారూ, చూడండి. ఈయనొచ్చి 'మీ గురువు వేసుకుని చింపాడు, పరువు కాపాడు' అన్నారు. మీ పేరు చెప్పారని కుట్టాను గానీ నేను నమ్మలా. మీ ఒంటిమీద కోటు చిరగడమేంటి?"

మాస్టరు కోటు తిరగేసి, కుట్టు మీద బొటనవేలు నడిపించాడు. రెండుసార్లు లాగి చూశాడు. వెలుతురుకి పట్టాడు.

"నాకన్నా బాగా వచ్చింది," అన్నాడు.

ఆ అమ్మాయి ఏడ్చేసింది. ఇన్‌స్పెక్టరు నాటకం మేనేజరుకి ఫోన్ చేసి కోటు దొరికిందన్నాడు. అవతలాయన వేసిన కేకకి చెవి దగ్గర్నుంచి ఫోను దూరం పెట్టాడు. ఓనరు లేచి, మాస్టరు చేతులు పట్టుకున్నాడు.

"మాస్టారూ, తప్పయిపోయింది. బోర్డు ఇప్పుడే పీకేస్తా. జీతం పెంచుతా. రేపు పొద్దున మామూలుగా వచ్చెయ్యండి. ఏమంటారు?"

మాస్టరు తొందరపడలేదు. కోటు మడతపెట్టాడు. టేపు మెడలో వేసుకున్నాడు. సొరుగులోంచి గ్లూకోజ్ బిళ్ళల సీసా తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత శిష్యురాలి వైపు తిరిగాడు.

"మీ షాపులో ఇంకో కటింగ్ టేబులు వేసే చోటుందా అమ్మా?"

ఆ అమ్మాయి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వేసే ఉంచాను మాస్టారూ. రెండేళ్ళయింది, దానిమీద ఎవర్నీ గుడ్డ పరవనివ్వలేదు."